యోనా సార్ తినే లడ్డూ

లడ్డూలో ఏముంటుంది? శనగపిండి, పంచదార, నూనె, జీడిపప్పు, కిస్మిస్, ఏలకులు. అందులో దాచేదేముంది, తవ్వేదేముంది? ఆర్నెల్ల క్రితం ఎవరైనా అడిగితే నేనూ ఇదే అనేదాన్ని. ఇప్పుడు లడ్డూ పేరెత్తితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది.

నా పేరు పర్వీన్. మాది ప్రొద్దుటూరు. దుబాయ్‌లో, అల్ ఖూజ్ గోడౌన్ల మధ్య ఒక మిఠాయి కిచెన్‌లో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. సూపర్‌వైజర్ అంటే ఏసీ గదిలో కాలు మీద కాలు వేసుకుని కూర్చునే మనిషి అనుకునేరు. తలకు టోపీ పెట్టుకోని వాళ్ళ మీద అరవాలి, మున్సిపాలిటీ వాళ్ళు తనిఖీకి వస్తే నవ్వాలి, ముదీర్, అంటే మేనేజరు, అరిస్తే తల వంచుకోవాలి. నా ఉద్యోగమంతా ఇదే.

మా ముదీర్ వెంకట్రావు గారిది భీమవరం దగ్గర. ఇజ్రాయెల్‌తో ఇక్కడి వాళ్ళకు రాజీ కుదిరి, అక్కడి నుంచి విమానాలు దిగడం మొదలయ్యాక ఊళ్ళో పెద్ద హోటళ్ళకు యూదుల రాకపోకలు పెరిగాయి. పెళ్ళిళ్ళు కూడా ఇక్కడే చేసుకుంటున్నారు. ఒక హోటల్ వాళ్ళు ఆ పెళ్ళిళ్ళకు మన వైపు మిఠాయిలు పెడతామన్నారు, కానీ కోషర్ సర్టిఫికెట్ ఉండాలన్నారు. అంటే మన మిఠాయి యూదుల తిండి నియమాలకు సరిపోతుందని వాళ్ళ మనిషి వచ్చి, చూసి, ఒప్పుకోవాలి.

"హలాల్ లాంటిదేనమ్మా పర్వీనూ. మనకేమన్నా కొత్తా? ఓ కాయితం వచ్చేస్తే సరిపోద్ది," అన్నారు వెంకట్రావు గారు.

నేనూ నమ్మాను. పంది లేదు, సారా లేదు, ఇంకేం కావాలి, ఖలాస్ అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ కాయితం రాకపోతే నాకు పోయేదేమీ లేదు. పోయేది భోజన్నకే. భోజన్నది కోరుట్ల పక్కన పల్లె. బిల్డింగుల పనికి వచ్చి, ఎండకు ఓర్వలేక జెబెల్ అలీ క్యాంపు మెస్సులో వంటకు మారి, అక్కడి నుంచి మా కిచెన్‌కు వచ్చాడు. వచ్చి ఆరేళ్ళు. మా దగ్గర లడ్డూ సెక్షన్ అంటే భోజన్న ఒక్కడే. ఇండియా నుంచి మిషను లడ్డూలు డబ్బాల్లో దిగడం మొదలయ్యాక మా లడ్డూను అడిగేవాళ్ళు తగ్గిపోయారు. హోటల్ ఆర్డరు వస్తే సెక్షన్ ఉంచుతాను, రాకపోతే మూసేస్తాను, నెలాఖరుకు అయిపోయే భోజన్న వీసా మళ్ళీ కొట్టించను అని ముదీర్ తేల్చేశారు.

"ఈ వయసుల వీసా ఇచ్చే ఇంకో కఫీల్ యాడ దొరుకుతడు బిడ్డా? మా చిన్నది కరుణ నర్సింగు సదువుతున్నది. అది ఒడిసేదాంక ఉంటే సాలు. అటెన్క ఉండుమన్నా ఉండ," అన్నాడు భోజన్న. ఆ మాట అన్నప్పటి నుంచి ఈ కాయితం నా నెత్తికెక్కి కూర్చుంది.

కోషర్ చూడటానికి వచ్చే ఆయన పేరు యోనా. సన్నగా, నెరిసిన గడ్డంతో, ఎప్పుడూ తెల్ల చొక్కాలోనే ఉంటారు. ఇంగ్లీషులో మాట్లాడతారు. అది భోజన్నకు రాదు, కాబట్టి మధ్యలో నేను. మనిషి మెత్తన, ప్రశ్నలు మాత్రం మెత్తన కావు. మొదటిసారి వచ్చిన రోజే చేతిలో చిన్న టార్చి పట్టుకుని జీడిపప్పు పలుకులు ఒక్కొక్కటీ విప్పి చూశారు. పురుగు తింటే వాళ్ళకు పంది తిన్నంత తప్పట. శనగపిండిని ఎంత సన్నని జల్లెడ పడతారు అన్నారు. ఏలకులు ఎక్కడివి అన్నారు. నెయ్యి సంగతికొస్తే, పాలు పిండే దగ్గర నుంచీ వాళ్ళ మనిషి ఉండాలన్నారు. గేదె దగ్గర మనిషిని ఎక్కడి నుంచి తేవాలి? నెయ్యి మానేసి నూనెతోనే చేస్తామన్నాను. ఆ మాటకు భోజన్న రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

"నెయ్యి లేకుంట లడ్డు ఏం లడ్డు? గోలీలు ఆడుకోనీకి జేస్తున్నమా?"

అంత చేసీ, ఆ మొదటిసారి పసుపు రంగు దగ్గర ఆగిపోయింది. రంగు సీసాలో గ్లిజరిన్ ఉందట. అది చెట్టు నుంచి తీశారా, జంతువు కొవ్వు నుంచి తీశారా అని యోనా సార్ అడిగారు. రంగు కంపెనీకి ఫోన్ చేస్తే ఒకడు ఇంకొకడికిచ్చాడు, వాడు పాట పెట్టి వెళ్ళిపోయాడు. రంగు తీసేశాం. లడ్డూ పాలిపోయింది, భోజన్న ముఖం ఇంకా పాలిపోయింది.

రెండోసారి కళాయి. మామూలు వంట వండిన పాత్ర ఒక పగలూ రాత్రీ ఖాళీగా ఉండాలి, ఆ తర్వాత అంచుల దాకా నీళ్ళు పోసి పొంగేలా మరిగించాలి, అప్పుడు గానీ అది వాళ్ళ వంటకు పనికిరాదు. నేను కళాయి మీద కాగితం అంటించాను, ముట్టొద్దని నాలుగు భాషల్లో చెప్పాను. యోనా సార్ వచ్చి మూత తీసి, కాస్త వంగి, నా వైపు చూశారు. మా డెలివరీ డ్రైవరు రమీజ్, హైదరాబాద్ పిల్లగాడు, తలుపు దగ్గర నిలబడి చెవి గోక్కుంటున్నాడు.

"అరె ఆపా, ఖాలీగనే ఉంది గదా అని జర కీమా గరమ్ చేస్కున్న. కడిగి పెట్టిన గదా మళ్ళ."

ఆ రోజు రమీజ్‌ను నేను తిట్టిన తిట్లు ప్రొద్దుటూరులో కూడా అందరికీ రావు. యోనా సార్ ఏమీ అనకుండా టార్చి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ముదీర్ మాత్రం అన్నారు. మూడోసారి ఆఖరుసారి, ఈసారి కాకపోతే ఇక దీని సంగతి నా దగ్గర ఎత్తొద్దు అన్నారు.

ఆ మూడోసారి ఒక బుధవారం. కళాయి కొత్తది కొన్నాం. రమీజ్‌ను పొద్దున్నే ఊరికి అవతల డేరా వైపు డెలివరీకి పంపించేశాను, సాయంత్రం దాకా రావద్దన్నాను. శనగపిండి రెండుసార్లు జల్లించాను. యోనా సార్ వచ్చి స్టవ్ తన చేత్తోనే వెలిగించారు. వాళ్ళ తిండికి మంట వాళ్ళ చేత్తోనే అంటుకోవాలట. భోజన్న పక్కకు జరిగి ఆయనకు లైటర్ అందించాడు. పెళ్ళిలో మామగారికి తాంబూలం ఇచ్చినంత మర్యాదగా ఇచ్చాడు.

భోజన్న బూందీ దూస్తుంటే యోనా సార్ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. పాకం వేళ్ళ మధ్య తీగ సాగింది. బూందీ పాకంలో పడింది. అన్నీ చూసి, ఆయన మొదటిసారి నవ్వారు. నాకు గుండెల మీద నుంచి గుండ్రాయి దించినట్టయింది.

"బాగుంది. నా ప్రార్థన వేళ అయింది. చేసుకుని వచ్చి స్టోర్ ఒక్కసారి చూస్తాను, అంతే," అన్నారు.

ఆఫీసు గదిలో కుర్చీలు జరిపి చోటు చేశాను. జెరూసలేం ఎటు అని ఫోన్‌లో చూసుకున్నారు. నాకూ అసర్ నమాజు వేళయింది. పక్కన ప్యాకింగ్ గదిలో జానమాజ్ పరుచుకున్నాను. ఇద్దరికీ పడమటి గోడే. ఆయన కాస్త కుడికి తిరిగారు, నేను కాస్త ఎడమకు తిరిగాను. దువాలో ఆ రోజు నా పిల్లల కంటే ముందు భోజన్న వీసానే అడిగాను.

మేము తిరిగి వచ్చేసరికి భోజన్న లడ్డూలు చుట్టేసి ట్రేల నిండా పేర్చాడు. ముఖం వెలిగిపోతోంది. యోనా సార్ ట్రేలు చూసి తల ఊపి, స్టోర్‌లోకి నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను. తలుపు తీయగానే అగరువత్తి వాసన గుప్పుమంది.

స్టోర్‌లో ఒక బీరువా ఉంది. దాని తలుపు లోపలి వైపు భోజన్న కొండగట్టు అంజన్న పటం అంటించుకున్నాడు. నాకు తెలుసు. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చినప్పుడు ఆ తలుపు మూసి ఉంచేది నేనే. ఇప్పుడు అది బార్లా తెరిచి ఉంది. పటం ముందు ఒక స్టీలు ప్లేటు, ప్లేటు చుట్టూ చల్లిన నీళ్ళ తడి ఇంకా ఆరలేదు. ప్లేటులో నాలుగు బూందీ గింజలు అంటుకుని ఉన్నాయి.

యోనా సార్ చాలాసేపు ఆ ప్లేటు వైపు చూశారు.

"ఈ వాసన ఈగలు రాకుండానా?" అన్నారు.

ఆ మాట అంటూ ఆయన నా ముఖంలోకి చూడలేదు. అవుననడానికి నాకు దారి ఇస్తున్నారో, నిజంగానే తెలియక అడుగుతున్నారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. అవును సార్ అంటే అయిపోతుంది. భోజన్నకు ఇంగ్లీషు రాదు, ఈయనకు తెలుగు రాదు, మధ్యలో ఉన్న నోరు నాది. అవును అని నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ముందు అసలు జరిగిందేమిటో నాకు తెలియాలి కదా. భోజన్న అప్పటికే మా వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఏం చేస్తివి భోజన్నా? ఆ ప్లేటు ఆడ ఎందుకు పెడ్తివి?"

"ఏమున్నది బిడ్డా, తొలి లడ్డు అంజన్నకు పెట్టిన. ఎప్పుడు పెడ్తనే ఉంట గద. ఇయ్యాల ఇంత పెద్ద పనాయె, పెట్టకుంట ఎట్లుంట?"

"పెట్టి, ఆ లడ్డు ఏం చేసినావు?"

"చిదిపి మల్ల కళాయిల కలిపిన. ప్రసాదం కలిస్తె అంత ప్రసాదమే అయితది. తిన్నోళ్ళందరికి మంచిది. ఈ సారుకు సుత మంచిది."

గ్లిజరిన్ ఎక్కడిదని అడిగిన మనిషి, కీమా వాసనకే వెనక్కి వెళ్ళిపోయిన మనిషి, ఇంకో దేవుడి ముందు పెట్టిన లడ్డూ కలిసిందంటే ఊరుకుంటారా? చెప్పకపోతే మాత్రం ఎవరికి తెలుస్తుంది? నా ముఖం చూసి భోజన్న ఇంకేదో అనుకున్నాడు.

"నీకేం కాదు బిడ్డా, ఫికర్ జేయకు. నీయి నేను ముందుగాలనే తీసి పెట్టిన, అంజన్నకు పెట్టకముందే. ఎప్పటి లెక్కనే నీ డబ్బల ఉన్నయి, అగో, షెల్ఫు మీద."

షెల్ఫు మీద నా టిఫిన్ డబ్బా ఉంది. మూత గట్టిగా నొక్కి ఉంది.

ఎప్పటి లెక్కనే అన్నాడు. ఇంటి నుంచి వచ్చేటప్పుడు మా అమ్మ నాకొక మాట చెప్పి పంపింది. ఎవరు ఏం పెట్టినా చేయి చాపి తీసుకో, మొహం మాడ్చకు, కానీ దేవుళ్ళ ముందు పెట్టింది మాత్రం నోట్లో పెట్టుకోకు అంది. నేను ఆ మాట ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే బాధపడతారని చెప్పలేదు. భోజన్న చేరిన కొత్తలో ఇచ్చిన ప్రసాదం లడ్డూ నవ్వుతూ తీసుకుని, బయటికొచ్చి వాచ్‌మన్ చేతిలో పెట్టాను. ఆ తర్వాత ఎప్పుడు లడ్డూ చేసినా నా డబ్బాలో వచ్చేవి. పండగైనా, మామూలు రోజైనా. ఇవి ఉత్త లడ్డూలే అయి ఉంటాయిలే అని సర్దిచెప్పుకుని తిన్నాను. ఆరేళ్ళు తిన్నాను. ఒక్కరోజూ అడగలేదు.

"మేడమ్?" అన్నారు యోనా సార్.

నా నాలుక మీద ఉన్న అవును అక్కడే చచ్చిపోయింది. ఆరేళ్ళుగా నా నోటికి కావలి కాసిన మనిషిని పక్కన పెట్టుకుని, ఇంకొకరి నోట్లోకి తెలియకుండా ఎలా తోయను? మొత్తం చెప్పేశాను. పటం, ప్లేటు, చిదిపి కలిపింది, నా డబ్బా, ఏదీ వదల్లేదు. చెబుతుంటే నా గొంతు పెరిగింది. కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు.

"ఆయన దొంగతనం చేయలేదు సార్. మీకు మంచి జరగాలనే కలిపాడు. మీరు పిండి అడిగారు, నూనె అడిగారు, మట్టి అడిగారు, మశానం అడిగారు. దీన్ని మాత్రం అడగలేదు. అడగంది ఆయనకెలా తెలుస్తుంది?"

యోనా సార్ తల వంచుకుని విన్నారు.

"ఆ కళాయిలోది నేను ఒప్పుకోలేను. కళాయి కూడా మొదటి నుంచి శుద్ధి కావాలి. ఆయన ప్రార్థన తప్పని నేను అనడం లేదు, అది ఆయనకు చెప్పండి. దాన్ని నేను తినలేను, అంతే," అన్నారు. తర్వాత షెల్ఫు మీది నా డబ్బా వైపు చూసి, "మీ వాటా ముందే తీయమని ఆయనకు ఎవరు చెప్పారు?" అని అడిగారు.

అదే ప్రశ్న భోజన్నను అడిగాను. నాకోసమే అడిగాను.

"ఎవరు జెప్తరు? మొదటిసారి ఇచ్చిన లడ్డు నువ్వు వాచుమెన్‌కిచ్చినవ్. జూసిన. నేను నారాజ్ కాలేదు. మా బిడ్డ తింటలేదు, తినేతట్టు ఎట్ల జెయ్యాలె అనుకున్న. ముందుగాల తీసి పెడితె అయిపాయె. దానికి జెప్పుడెందుకు?"

ఆ మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి నాకు కాస్త టైం పట్టింది. ముక్కు తుడుచుకోవాల్సి వచ్చింది.

యోనా సార్ ఆ డబ్బా చూడొచ్చా అన్నారు. మూత తీసి ఇచ్చాను. నాలుగు లడ్డూలు, ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. ఆయన కళ్ళలో ఆశ కనిపించింది, నిజంగానే తినాలనిపించినట్టుంది. చేయి చాపబోయి ఆగారు.

"ఈ డబ్బాలో మామూలుగా ఏం తెచ్చుకుంటారు?"

"శుక్రవారం బిర్యానీ, సార్. మటన్ బిర్యానీ."

ఆయన మూత మెల్లగా పెట్టి, డబ్బా నా చేతికి తిరిగి ఇచ్చేశారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈ మనిషికి ఒక్క లడ్డూ తినిపించడం ఉన్న దేవుళ్ళందరూ దిగొచ్చినా సాధ్యం కాదనిపించింది.

అంతలో ముదీర్ ఫోన్. ఏవయింది అన్నారు. కాలేదు సార్ అన్నాను. అవతల నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. "నేను చెప్పానా లేదా? ఇంక చాలమ్మా, వదిలేయ్," అన్నారు. భోజన్నకు ఆ మాట వినపడింది. ఆప్రాన్ ముడి విప్పుకోవడం మొదలుపెట్టాడు. యోనా సార్ చేయి చాపి ఫోన్ తీసుకున్నారు.

"ఈ రోజు కాలేదు. ఇంకోసారి వస్తాను," అన్నారు ముదీర్‌తో. "నేను ప్రతి కిచెన్‌లో రోజంతా కాపలా ఉండలేను. నేను లేనప్పుడు లోపల ఒక మనిషి ఉండాలి, ఎవరూ చూడకపోయినా ఎదుటి వాళ్ళ నియమం తప్పనివ్వని మనిషి. అలాంటి వాళ్ళు నాకు చాలా చోట్ల దొరకలేదు. మీ దగ్గర ఉన్నాడు. మా నియమం ఆయనకు చెప్పకపోవడం నా పొరపాటు. ఆయన ఉంటేనే నేను మళ్ళీ వస్తాను."

ముదీర్ ఏమన్నారో నాకు వినపడలేదు. ఆప్రాన్ విప్పొద్దని భోజన్నకు సైగ చేశాను.

ఆ తర్వాత చెప్పాల్సిన కష్టమైన మాట నా పాలబడింది. ఈ కళాయిలోది అంజన్నకు పెట్టకూడదని భోజన్నకు చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక మూడు రకాలుగా మొదలుపెట్టి ఆపాను. భోజన్న నన్ను చూసి తనే అందుకున్నాడు.

"సమజయింది. అంజన్నకు రూముల వేరే గిన్నెల జేసి పెడ్త. గాయినకు లడ్డే కావాల్నని ఏం లేదు, అరటిపండు పెట్టినా తింటడు." అని ఆప్రాన్ ముడి మళ్ళీ బిగించుకున్నాడు. "గని తొలిది పెట్టకుంట చెయ్యి ఆడది బిడ్డా. నాకు జర కష్టమైతది." అంత నెమ్మదిగా భోజన్న మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజంతా యోనా సార్ నియమాల మీద నాకు వచ్చిన కోపం కంటే, ఆ ఒక్క మాట విన్నప్పుడు వచ్చిన కోపమే ఎక్కువ. ఎవరి మీద కోపగించుకోవాలో మాత్రం తెలియలేదు.

ట్రేలలో లడ్డూలన్నీ సాయంత్రం రమీజ్ వ్యాన్‌లో భోజన్న వాళ్ళ క్యాంపుకు వెళ్ళాయి. నేను నా డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను.

కళాయి మళ్ళీ ఖాళీగా కూర్చుంది, మళ్ళీ మరిగింది. యోనా సార్ నాలుగోసారి వచ్చారు, స్టవ్ వెలిగించారు. ఈసారి ప్రార్థనకు వెళ్ళేటప్పుడు భోజన్న వైపు చూసి తల ఊపి వెళ్ళారు. కాయితం వచ్చింది. భోజన్న వీసా కొట్టించడానికి ముదీర్ పాస్‌పోర్టు పంపించారు. ఇక ప్రాణం కుదుటపడిందనుకునేలోగా, మొదటి హోటల్ ఆర్డరుకు స్టవ్ వెలిగించడానికి వచ్చిన యోనా సార్ మెల్లగా ఇంకో మాట చెప్పారు. వాళ్ళ పస్కా పండగ వారంలో తమ వాళ్ళు చాలామంది శనగపిండి ముట్టరట, ఆ వారానికి వేరే ఏదైనా ఆలోచించండి అన్నారు. శనగపిండి లేని లడ్డూ. నేను ఆయనకు నవ్వుతూ సరే సార్ అని, పళ్ళు నూరుకుంటూ కిచెన్‌లోకి వచ్చాను.

భోజన్న కళాయి ముందు కూర్చుని మొదటి లడ్డూలు చుడుతున్నాడు. తొలిది చేతిలో కాసేపు పట్టుకుని, స్టోర్ వైపు ఒకసారి చూసి, పక్కనున్న డబ్బాలో పెట్టాడు. నా డబ్బా కాదు. కొత్త స్టీలు డబ్బా, మెరుస్తోంది, దుకాణం స్టిక్కర్ మూత మీద ఇంకా అలాగే ఉంది.

"ఇది ఎవరిది భోజన్నా?"

"సారుది. మొన్న ఆశగ జూసి తినకుంట పాయె పాపం." మూత నొక్కి నా చేతిలో పెట్టాడు. "ఇచ్చి రాపో. మల్ల ఇండ్ల నువ్వు బిర్యానీ పెట్టకు బిడ్డా."